రొయ్య పేగు చూసే కళ్లు

మీరెప్పుడైనా పొద్దున్నే నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్ల మీద నడిచారా? రైతు చెక్ ట్రే పైకి లాగి, ఒక వెనామీ రొయ్యను వెలుతురుకెత్తి పేగు చూస్తాడు. మేత రంగులో నిండుగా ఉంటే సరే. తెగి తెగి కనబడినా, నీటి మీద తెల్లటి మలం పోగులు తేలినా ఇక అన్నం సయించదు. విబ్రియో బ్యాక్టీరియానా, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవా అని అప్పుడే ల్యాబుకు పరుగు.

మా చిన్నాన్న కూడా చెరువు రైతే. రొయ్యలో తేడా పూటలో పసిగట్టేవాడు. తనకు పడే నెత్తురును మాత్రం మొలలని చెప్పి ఏడాది దాచాడు. చూపించుకునేసరికి జబ్బు పేగు దాటి కాలేయానికి పాకింది. ఆయన సిగ్గు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అందుకే జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో చెప్పిన మాట మీ చెవిన వేయాలనిపించింది. మలంలోని సూక్ష్మజీవుల జాడను కృత్రిమ మేధతో చదివించి, పెద్దపేగు క్యాన్సర్లలో 90 శాతాన్ని పట్టుకున్నారు. గొట్టం వేసి చూసే కొలనోస్కోపీకి అది 94 శాతం.

కిటుకంతా వాళ్లు ఎంత దగ్గరగా చూశారన్న దాంట్లోనే ఉంది. వరి అంటే సరిపోతుందా? మొలగొలుకులు వేరు, నెల్లూరు మసూరి వేరు. సూక్ష్మజీవులూ అంతే, ఒకే జాతిలో ఒక ఉపజాతి సాధువు, ఇంకొకటి తంటాలమారి. నోట్లో ఉండే ఫ్యూసోబాక్టీరియం పేగు గడ్డల్లోనూ ఉందని 2011లోనే బయటపడింది. అందులోనూ ఒక రకమే ఆ గడ్డల్లో పాతుకుంటోందని సియాటిల్ శాస్త్రవేత్తలు 2024లో తేల్చారు. ఇన్ని వేల ఉపజాతుల లెక్క మనిషి కంటికి అందదు, యంత్రం కావాల్సిందే.

తిండిని బట్టి పేగులోని జీవులు మారతాయి. కాబట్టి చద్దన్నం, చేపల పులుసు తినే మన కడుపులతోనూ ఆ యంత్రానికి పాఠం చెప్పించాలని నా పట్టు.

అందాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. కంటికి కనబడని నెత్తురును మలంలో పట్టే పరీక్ష ఇప్పటికే ఉంది. పేగులో మొలిచిన చిన్న పిలక క్యాన్సరుగా మారడానికి చాలాసార్లు పదేళ్లు పడుతుంది, ఈలోగా కొలనోస్కోపీలోనే దాన్ని కోసి తీసేయొచ్చు. నలభై అయిదు దాటినవాళ్లు, నెత్తురు పడుతున్నవాళ్లు, కారణం లేకుండా చిక్కిపోతున్నవాళ్లు డాక్టరుకు చెప్పండి. మలం నమూనా ఉన్న చిన్న డబ్బా పట్టుకుని ల్యాబు మెట్లెక్కడానికి మొహమాటమైతే నాకు కబురు పెట్టండి, పక్కనే నడిచి వస్తాను.