నాలుగు పెగ్గుల లెక్క

నెల్లూరు జిల్లాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు. శనివారం, ఆఖరి పీరియడ్. తొమ్మిదో తరగతి గదిలో సైన్స్ మేడం బల్ల మీద ఓ ప్లాస్టిక్ సీసా, కొలజాడీ, నీలం సిరా కలిపిన నీళ్లు పెట్టుకుని నిలబడ్డారు. మద్యం గురించి పిల్లలతో ఎలా మాట్లాడతారో చూద్దామని వెళ్లి, నేను వెనక బెంచీలో సర్దుకున్నాను.

"బీరుకీ మందుకీ తేడా ఏందిరా?"

"బీరు కూల్‌డ్రింక్ లాంటిదే మేడం. మందంటే మందే" అన్నాడు కిటికీ పక్క కుర్రాడు. ఎవరూ నవ్వలేదు. గదిలో సగం మంది అనుకుంటున్నదీ అదే.

మేడం ఒకమ్మాయిని పిలిచారు. సీసాలో 650 మిల్లీలీటర్ల నీళ్లు పోయించారు. ఇది స్ట్రాంగ్ బీరనుకోండి, ఆల్కహాలు 8 శాతం. లెక్క కట్టండి. నోటుబుక్కుల్లో పెన్నులు కదిలాయి. 52 మిల్లీలీటర్లు. ఆ అమ్మాయి కొలజాడీలో నీలం నీళ్లు 52 గీత దాకా పోసి పైకెత్తి చూపింది. తర్వాత 30 మిల్లీలీటర్ల పెగ్గు, 42.8 శాతం. దాదాపు 13. కొలజాడీ ఖాళీ చేసి, 13 చొప్పున ఒకటి, రెండు, మూడు పోసింది. నాలుగోది పోసేసరికి నీలం నీళ్లు మళ్లీ అదే గీతను తాకాయి. కిటికీ పక్క కుర్రాడు లేచి నిలబడి మరీ చూశాడు.

తాగితే చస్తావని భయపెట్టడం తేలిక. రోజూ తాగొచ్చి పొద్దున్నే పనికి పోయే మేనమామను చూస్తున్న పిల్లాడు ఆ మాట నమ్మడు. తను స్వయంగా కట్టిన లెక్కను మాత్రం కాదనలేడు. నాకు ఆ పీరియడ్‌లో నచ్చింది అదే.

వయసు సంగతి కూడా మేడం అలాగే చెప్పారు. ఆగి ఆలోచించమని చెప్పే మెదడు ముందుభాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. 15 ఏళ్లలోపే తాగుడు మొదలుపెట్టిన వాళ్లు దానికి బానిసలయ్యే అవకాశం, 21 దాటాక మొదలుపెట్టిన వాళ్లకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని అమెరికాలో గ్రాంట్, డాసన్ అనే పరిశోధకులు 1997లో తేల్చారు. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండని వాళ్లకు మద్యం అమ్మకూడదు.

2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. మత్తుపదార్థాల నివారణ అందులో ఒకటి. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలన్నది పథకం. అయితే చాలాచోట్ల ఆ పాఠాల పీరియడ్‌ను లెక్కలో, ఇంగ్లీషో మింగేస్తాయి. ఇది పెద్ద నష్టమని నా నమ్మకం.

ఈ క్లాసులో మాత్రం తర్వాత ఆట. వినాయక నిమజ్జనం రాత్రి, ట్రాక్టర్ వెనక నలుగురు అన్నలు, ఒక తమ్ముడు. "తాగబ్బా, ఒక్క గుక్కకి ఏంగాదు. మగోడివేనా?" అంటూ ప్లాస్టిక్ గ్లాసు చేతిలో పెట్టారు. తమ్ముడి వేషం వేసినవాడు మొదట నీళ్లు నమిలాడు. రెండోసారి "నాకొద్దన్నా" అని గ్లాసు కింద పెట్టాడు. మూడోసారి పక్కవాడి భుజం తట్టి "పదరా, డప్పుల కాడికి పోదాం" అని నడిచాడు. కారణం చెప్పక్కర్లేదు, వాదన పెట్టుకోవద్దు, ఒంటరిగా కాకుండా ఒకడిని వెంటబెట్టుకుని బయటపడాలి. ఆ మూడూ నోటికి అలవాటయ్యేదాకా ఆడించారు.

ఎవరైనా తాగి స్పృహ తప్పితే? పడుకోనీలే అని వదిలేయొద్దన్నారు. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, 108కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండాలి. తిట్లు పడతాయని భయపడి దాచొద్దు.

ఈ జిల్లాకు ఇలాంటి పాఠం కొత్త కాదు. 1991లో దూబగుంట ఆడవాళ్లు అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత తరగతుల్లో సారా గురించి చదువుకున్నారు, చదివి ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆనాడు పలకపట్టిన తల్లుల మనవళ్ల వయసే ఈ పిల్లలది.

గంట కొట్టబోతుండగా అంతసేపూ మాట్లాడని ఒక పిల్లాడు చెయ్యెత్తాడు. "మేడం, మా నాయనే క్వార్టర్ తెమ్మని పంపిస్తాడు. పోనంటే అమ్మను కొడతాడు. ఏం చెయ్యాల?"

గది నిశ్శబ్దమైపోయింది. మేడం వాడి దగ్గరకు వెళ్లి భుజమ్మీద చెయ్యేశారు. "తప్పు నీది కాదు నాయనా. క్లాసయ్యాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. బోర్డు మీద రెండు నంబర్లు రాశారు: పిల్లల సహాయానికి 1098, తాగుడు మాన్పించే సలహాకు 14446. ఆ పిల్లాడు రెండూ అరచేతిలో రాసుకున్నాడు.

పిల్లలచేత మద్యం మోయించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. చట్టం మాట అటుంచి, ఇది చదువుతున్న నాన్నలకు చేతులు జోడించి ఒక్కటే విన్నపం: ఈ సాయంత్రం మీ పిల్లాణ్ని మందు షాపు దగ్గరికి పంపకండి.