బోధపడినదా? – జర్మనీ లేఖలు

హాంబుర్గు

నాన్నగారూ, పిల్లల మొగములు పరికించి గాని పాఠమున పుట త్రిప్పని మీకు, ఎదుటివానికి బోధపడినదో లేదో ఈ దేశస్థులు విచారించు తీరులు రుచింపగలవని తలంచి వానినే వ్రాయుచున్నాను.

బెర్లినుకు టిక్కెట్టు కొనునపుడు, కిటికీ వెనుకనున్న గుమాస్తా బండివేళయు ప్లాటుఫారము అంకెయు చీటిపై వ్రాసి, అంకెక్రింద పెన్సిలుతో రెండు గీతలు గీచి, చీటిని నావైపు త్రిప్పి, 'ఆలెస్ క్లార్?' అనెను, అంతయు స్పష్టమేనా యని. ప్రత్యుత్తరమును ఆ మాటయే. ప్రశ్నలో పైకి లేచిన స్వరము సమాధానమున క్రిందికి దిగును. ఈ ప్రాంతమువారు వాక్యాంతమున 'నె?' అని చేర్చి, వినువాడు తలయూపువరకు ఒక్కక్షణ మాగుదురు.

బెర్లిను

ఇచ్చట 'నె' పోయి 'వా' వచ్చినది. ప్రశ్నలన్నియు సమానమర్యాద గలవి కావు. 'ఫెర్‌ష్టాండెన్?' అని ఒంటిమాటగా నడుగుట ఆజ్ఞాపించువారి ధోరణి, 'కపీర్ట్?' అనుట మరింత మోటు, చనువుగలవారిలోనే చెల్లును. పెద్దలను గౌరవవాచకముతో 'హాబెన్ జీ మిష్ ఫెర్‌ష్టాండెన్?' అని యడుగుదురు. వీనన్నిటికంటె నా మనసున కెక్కినది, 'హాబె ఇష్ మిష్ ఫెర్‌ష్టెంట్‌లిష్ ఔస్‌గెడ్రుక్ట్?' అనునది: నేను తెలియునట్లు చెప్పితినా యని. శ్రోతకు బోధపడనిచో లోపము తన మాటయందే యుండవచ్చునని వక్త ముందుగా నొప్పుకొనుట ఎంతటి సౌజన్యము! కంఠము కఠినమైనచో మాత్రము ఇట్టి ప్రశ్నయే బెదిరింపుగా మారునని యిచటివారే చెప్పిరి.

1810లో ఇచ్చటి విశ్వవిద్యాలయము వెలయుటకు మూలపురుషుడైన విల్హెల్ము ఫన్ హుంబోల్టు, ఒకే మాటను ఇరువురు ఒకే భావముతో గ్రహింపరనియు, ప్రతి యవగాహనయందును కొంత అనవగాహన కలసియే యుండుననియు వ్రాసెను. ఆయనయే 1826లో భగవద్గీతపై వ్యాసము ప్రకటించెను. పదునెనిమిదవ యధ్యాయము చివర, సర్వమును బోధించిన పిమ్మట కృష్ణభగవానుడు, ఏకాగ్రచిత్తముతో వింటివా, నీ మోహము నశించెనా యని అర్జునుని అడుగు ఘట్టమును చదివినపుడు ఆ పండితుని హృదయ మెట్లుండెనో యని భావించుచు, విశ్వవిద్యాలయము ముంగిట నున్న ఆయన విగ్రహము నెదుట చాలసేపు నిలిచితిని.

స్టుట్‌గార్టు

ఈ స్వాబియా సీమలో ప్రతివాక్యము 'గెల్?' అని మృదువుగా ముగియును. నేను పని నేర్చుకొనుచున్న కర్మాగారమున మా మేస్త్రీ లేతుయంత్రముపై టూలు బిగించు విధమును నిదానముగా చూపి, బోధపడినదా యని యడుగక, బిగించినదానిని తానే వదులుచేసి, స్పానరు నా చేతికిచ్చి, 'జైగెన్ జీ మాల్' – ఏదీ, చూపుడు – అనెను. భాష చాలని పరదేశి మర్యాదకొరకు ఔనని తలయూపునని ఆయనకు అనుభవముచే తెలియును కాబోలు. నేను బిగించితిని. ఆయన వ్రేలితో కదల్చి చూచి, మరి కొంచెము బిగించి, 'జో, గెల్?' అని నా భుజము తట్టెను.

రేపటినుండి మిల్లింగు యంత్రము చూపెదరట.