పులస లెక్క

మా హాస్టల్ కుర్రాళ్ళం చిక్కడపల్లి మార్కెట్ మీదుగా వెళ్తుంటే మిత్రులు నన్ను ఆటపట్టిస్తారు: "మీ గోదావరి పులస ఎప్పుడు తినిపిస్తావు?" నిజానికి నేనూ ఒక్కసారే తిన్నాను. నాన్న కూలికి పడవెక్కుతాడు. వలలో పడ్డ పులస మా ఇంటికి రాదు, వేలానికి పోతుంది.

ఎం.ఎస్సీ. జువాలజీలో చేరాక దాని సంగతి తెలిసింది. కవళ్ళకు దగ్గరి చుట్టం. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరదకు ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గుంపులుగా గోదావరికి ఎదురీదుతుంది, పులస అవుతుంది. దారిలో అన్నీ వలలే. తప్పించుకున్నవాటికి ధవళేశ్వరం బ్యారేజీ అడ్డు. ఒక్కో తల్లి కడుపులో లక్షల గుడ్లు. గుడ్లున్న చేపకే గిరాకీ!

మొన్న నారాయణగూడ చౌరస్తా నుంచి ఫోన్ చేసి, "గుడ్ల చేపను వదిలెయ్యకూడదా నాన్నా?" అన్నాను.

"చేప షావుకారుది రా. వదిలితే నా కూలి పోద్ది. నీ ఖర్చులకు ఎవరు పంపుతారు?"

నాకు మాట రాలేదు.

మన సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పులస ఏరెక్కేది ఆ తర్వాతే. బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే కాలంలో 22 రోజులు ఇలస వేట ఆపి, జాలర్ల కుటుంబాలకు బియ్యం ఇస్తున్నారు. మన ఏటిలోనూ అలా ఆపాలి. కాని కూలివాడి పూట గడిచే ఏర్పాటు ముందు జరగాలి.

అశోక్‌నగర్‌లో ఉద్యోగాలకు చదువుతున్న అన్నల్లారా, రేపు మీరు ఆఫీసర్లయి అలాంటి ఫైలు మీ బల్ల మీదికొస్తే మా నాన్న అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి.