దిగుడు దారి

తెలుగు నేల మీద ఏ శిక్షణా లేని సామాన్యుడు మొదటిసారి కాలినడకన ఒక కొండ ఎక్కే సందర్భం చాలామంది విషయంలో తిరుమల యాత్రే అవుతుంది. అలిపిరి నుంచి సాగే సోపానమార్గం 3,550 మెట్లతో సుమారు 9 కిలోమీటర్లు ఉండగా, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు 2,388 మెట్లతో రెండు కిలోమీటర్లకు కాస్త పైగా మాత్రమే ఉంటుంది. దూరంలో నాలుగో వంతు కూడా లేని దారిలో మెట్లు మాత్రం మూడింట రెండు వంతులు ఉన్నాయన్నమాట, కనుక పొట్టిదారి కదా అని దానిని సులువైనదిగా ఎంచుకున్నవారికి ఆయాసం త్వరగానే పరిచయమవుతుంది. ఉదయం బయలుదేరి అదే రోజు తిరిగి వచ్చేలా కొండల్లోనో అడవుల్లోనో నడవడాన్ని హైకింగ్ అనీ, దారిలో రాత్రి బసలు చేస్తూ రోజుల తరబడి సాగే నడకను ట్రెక్కింగ్ అనీ వ్యవహరిస్తున్నారు. ఈ అలవాటులోకి కొత్తగా అడుగుపెట్టేవారికి నీళ్ళూ నీడా తోడూ ఉన్న తిరుమల మెట్ల కంటే మంచి తొలి బడి దొరకడం కష్టం. అయితే ఆ బడిలో చెప్పని పాఠం ఒకటి ఉంది. నడిచి ఎక్కే భక్తులలో అత్యధికులు బస్సులో దిగుతారు. అందువల్ల కొండ నడకలో సగభాగం, అందులోనూ కష్టమైన సగభాగం, వారికి తెలియకుండానే మిగిలిపోతుంది.

ఎక్కడంలో నేర్వవలసినది ప్రధానంగా వేగాన్ని అదుపులో పెట్టుకోవడమే. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఉన్న తొలి భాగం బాగా నిట్టనిలువుగా ఉంటుంది, ఆ తరువాత చాలా దూరం దారి చదునుగా సాగి, చివరలో మోకాళ్ళ మిట్ట దగ్గర మళ్ళీ నిటారుగా లేస్తుంది. తొలి ఉత్సాహంలో గాలిగోపురం దాకా పరుగులాంటి నడకతో చేరినవారు మోకాళ్ళ మిట్ట దగ్గర ఆగి ఆగి ఎక్కడం అక్కడ నిత్యం కనిపించే దృశ్యం. బాలుడైన అన్నమయ్య ఈ మిట్ట మీదనే సొమ్మసిల్లి పడిపోగా అలమేలుమంగ ప్రత్యక్షమై చెప్పులు విడిచి ఎక్కమని చెప్పి, ప్రసాదం పెట్టి సేదదీర్చిందని తాళ్ళపాకవారి సంప్రదాయం చెబుతుంది. భక్తి దృష్టితో అది అనుగ్రహగాథ. నడక దృష్టితో చూసినా, ఖాళీ కడుపుతో దూరం నడిచిన పసివాడు చివరి ఎత్తు దగ్గర ఏమవుతాడో అందులో ఎంతో సహజంగా చిత్రితమై ఉంది. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవడం, ఆకలి వేయకముందే కొద్దికొద్దిగా తినడం అనే రెండు నియమాలు పాటిస్తే ఎక్కుడు చాలావరకు లొంగుతుంది.

ఎంతసేపు పడుతుందో ముందుగా లెక్కకట్టే పద్ధతి కూడా ఉంది. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు: ప్రతి మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు అదనంగా మరో గంట. అలిపిరి దారికి దీనిని వర్తింపజేస్తే దూరానికి రెండు గంటలకు కాస్త తక్కువ, ఆరువందల మీటర్లకు పైబడిన ఎత్తుకు గంట పైచిలుకు, వెరసి మూడు గంటలు వస్తుంది. ఇది విరామం లేకుండా నడిచే దృఢకాయుడి లెక్క కనుక కొత్తవారు మరో గంటో గంటన్నరో కలుపుకోవాలి. గమనించవలసింది ఏమిటంటే, నైస్మిత్ సూత్రంలో దిగుడుకు అదనపు కాలం ఏమీ లేదు. తరువాతి కాలంలో దీనిని సవరించినవారు మాత్రం నిట్టనిలువు పల్లాలకు కూడా కాలం కలపవలసి వచ్చింది. నిజానికి కొత్తవారి నడకలో దిగడానికి ఎక్కినంత సమయం పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు.

దిగడం ఎందుకు కష్టమో శరీరశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరాలు కుంచించుకుంటూ శరీరాన్ని పైకి లేపుతాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. సాగుతూ బిగిసే ఈ రకపు శ్రమలో గుండె మీద భారం తక్కువగా ఉన్నా, కండరపు పోగులలో సూక్ష్మమైన చిరుగులు ఎక్కువగా ఏర్పడతాయి. అందుకే దిగేటప్పుడు ఆయాసం రాదు, నొప్పి తెలియదు. మర్నాడో మూడోనాడో మంచం దిగలేని స్థితి వస్తుంది. ఆలస్యంగా వచ్చే ఈ కండరాల నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య తీవ్రమై, తానే తగ్గిపోతుంది. ఇందులో ఒక గొప్ప ఊరట కూడా ఉంది: ఒకసారి మితంగా దిగుడు నడక చేసిన కండరాలు కొన్ని వారాల పాటు తరువాతి దిగుడు నడకలను చాలా తక్కువ నష్టంతో తట్టుకుంటాయి. కాబట్టి పెద్ద కొండకు వెళ్ళదలచినవారు రెండు మూడు వారాల ముందు చిన్న గుట్టనో, బహుళ అంతస్తుల భవనపు మెట్లనో నెమ్మదిగా దిగివస్తే, ఖరీదైన ఏ పరికరమూ ఇవ్వలేని రక్షణ వారికి సమకూరుతుంది.

దిగే పద్ధతికి వస్తే, ఘాట్ రోడ్డు దిగే లారీ చిన్న గేరులో దిగినట్లు కాలు కూడా చిన్న అంగలతో దిగాలి. మోకాలు పూర్తిగా బిగించకుండా కాస్త వంచి ఉంచడం, పాదమంతా నేలకు ఆనేలా వేయడం ముఖ్యం. జారుతామన్న భయంతో వెనక్కి వాలితే బరువంతా మడమ మీదికి చేరి జారడం మరింత సులువవుతుంది. బూట్ల ముందుభాగంలో బొటనవేలికి కాస్త ఖాళీ లేకపోతే గోరు ప్రతి అడుగుకూ తగిలి నల్లబడుతుంది, కనుక ముందురోజే గోళ్ళు కత్తిరించుకుని, దిగడానికి ముందు చీలమండ దగ్గర లేసులు బిగించుకోవాలి. చేతికర్ర ఉంటే మోకాళ్ళ మీది భారంలో కొంత చేతులు పంచుకుంటాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి మరణించిన తరువాత, దేవస్థానం నడిచే భక్తులకు చేతికర్రలు ఇచ్చే ఏర్పాటు చేసి, గుంపులుగా నడవమని చెప్పి, పిల్లలతో వెళ్ళే వేళలను కట్టడి చేసింది. ఆ దుఃఖం చెప్పిన జాగ్రత్తను ఏ కొండకు వెళ్ళేవారైనా మనసులో పెట్టుకోవాలి: పిల్లలు పెద్దల చేయి దాటి ముందుకు పోకూడదు, పొద్దువాలాక అడవి అంచున ఉండకూడదు.

మెట్ల తరువాతి తరగతి బండరాయి. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, చాళుక్యుల కాలం నాటి కోటను మోస్తున్న భువనగిరి గుట్ట ఒకే శిల. దాదాపు 500 అడుగుల ఎత్తు. ఎక్కినవారు అదే రాతి మీదుగా దిగక తప్పదు గనుక ఇది కొత్తవారికి ఎంతో ఉపకరిస్తుంది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ శిలారోహణలో తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ రాతి మీదే. వానకు తడిసిన నున్నని బండ మీద మాత్రం ఎవరికైనా కాలు నిలవదు. వేసవి మధ్యాహ్నం అదే బండ పెనంలా కాలుతుంది కాబట్టి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తెల్లవారుజామున బయలుదేరడం ఉత్తమం. గంటకు అర లీటరు చొప్పున నీళ్ళు లెక్కవేసుకుని, అందులో సగం తిరుగుదారికి మిగల్చాలి. శిఖరం చేరినా చేరకపోయినా ఫలానా వేళకు వెనుదిరగాలని ముందే నిర్ణయించుకోవడం కూడా దిగుడుకు చేసే సన్నాహమే. అలసిన కాళ్ళతో, చీకటిలో, తొందరగా దిగేటప్పుడే ప్రమాదాలు పొంచి ఉంటాయి.

ఈ రెండు తరగతులూ దాటినవారికి నల్లమల ఉంది. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాటలో భీముని కొలను అనే లోతైన లోయ వస్తుంది. దానిలోకి దిగి, అవతలి వైపు కైలాసద్వారం దాకా ఎక్కితే గాని క్షేత్రం అందదు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రభువుగా కొండవీటి ప్రోలయ వేమారెడ్డి పేరు చరిత్రలో నిలిచి ఉంది. ఈ లోయ దగ్గర దిగుడు ముందు, ఎక్కుడు తరువాత. దిగేటప్పుడు మోకాళ్ళను ఆదా చేయనివారికి ఆవలి గట్టు ఎక్కే శక్తి ఉండదు. ఈ అడవి పులుల అభయారణ్యం కావడం వల్ల ఎప్పుడు పడితే అప్పుడు నడిచేందుకు వీలులేదు. శివరాత్రికీ, ఉగాదికీ అటవీశాఖ అనుమతించే రోజులలో వేలాది శివభక్తులు, ముఖ్యంగా కన్నడ దేశపు యాత్రికులు, ఈ దారిన నడుస్తారు. కొత్తవారు వారితో కలిసి, అడవిలో ప్లాస్టిక్ ముక్క కూడా వదలకుండా, నీళ్ళు దొరికే ప్రతి మజిలీలో సీసాలు నింపుకుంటూ వెళ్ళడమే తగిన పద్ధతి.