ఇంకా సీడెడ్ అనేనా?

పండక్కి పెద్ద సినిమా విడుదలైతే వెంటనే వసూళ్ల వార్త వస్తుంది. నైజాంలో ఇన్ని కోట్లు, సీడెడ్‌లో ఇన్ని కోట్లు, ఉత్తరాంధ్రలో ఇన్ని కోట్లు అని లెక్క. కర్నూలులో, కడపలో, ప్రొద్దుటూరులో టికెట్టు కొన్న జనమంతా ఆ ఒక్క ‘సీడెడ్’ కిందికి చేరిపోతారు.

ఈ మాట సినిమావాళ్లు పుట్టించింది కాదు. మైసూరు యుద్ధాల్లో టిప్పు సుల్తాను ఓడినప్పుడు తన వాటాకు వచ్చిన నేలను, 1800 అక్టోబరులో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తన రక్షణకు పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చిన నేల అది. దాని ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. మరుసటి ఏడాదే బళ్లారి, కడప జిల్లాలుగా విడదీసినా, దస్త్రాల్లో పడ్డ ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ (రాసిచ్చిన జిల్లాలు) అనే పేరు చెరగలేదు. మద్రాసు ఇంగ్లీషు పత్రికలు ఆ పేరే రాశాయి. తెలుగు పత్రికలు ‘దత్తమండలాలు’ అన్నాయి.

ఆ పేరులో ఇచ్చినవాడున్నాడు, పుచ్చుకున్నవాడున్నాడు. ఆ నేలమీద కొర్రలు, జొన్నలు పండించుకుని బతికినవాళ్లు మాత్రం లేరు. పోనీ, చరిత్రకైనా సరిపోతుందా అంటే అదీ లేదు. కర్నూలు 1839 దాకా నవాబు ఏలుబడిలోనే ఉంది. చిత్తూరు జిల్లాలో చాలా భాగం ఆర్కాటు సీమనుంచి వచ్చింది. అయినా వసూళ్ల లెక్కలో అన్నీ సీడెడే.

మనవాళ్లు ఈ పేరును ఊరికే మోయలేదు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా కూడింది. ఒకరు ఒకరికి ధారపోసిన నేలగా కాక, విజయనగర రాయలు ఏలిన సీమగా పిలుచుకోవాలని ఆ సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ పేరును ముందుకు తెచ్చారు. సభ ఒప్పుకుంది. అనంతపురంలో పప్పూరి రామాచార్యులు నడిపిన ‘సాధన’ వంటి పత్రికలు ఆ పేరును ఊరూరికీ మోసుకెళ్లాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయ్యేనాటికి రాయలసీమ అందరి నోటా నిలిచిన పేరు.

ఒక సభ తీర్మానం చేసినంత మాత్రాన పేరు నిలవదు. విలేకరి రాయాలి, సంపాదకుడు దిద్దాలి, చదువరి పలకాలి. ఆ తరం పత్రికలవాళ్లు ఆ పని నిష్ఠగా చేశారు. ఇవాళ రాజకీయ వార్తలో రాయలసీమ అని రాసే పత్రికే సినిమా పేజీకి వచ్చేసరికి 1800 నాటి ఒప్పందంలోకి వెళ్లిపోతోంది. నేలను ఇచ్చిన నైజాం, అతడిచ్చిన సీడెడ్ ఇప్పటికీ ఒకే వరుసలో అచ్చవుతున్నాయి.

పంపిణీదారుల ఖాతా పుస్తకాల్లో ఏ పేరుంటుందో వాళ్ల ఇష్టం. పత్రిక మాత్రం పాఠకుడి కోసం రాసేది. సినిమా వార్తలు రాసే మిత్రులారా, ఈసారి వసూళ్ల లెక్క రాసేటప్పుడు రాయలసీమ అని రాయండి. మా పెద్దలు కోరి పెట్టుకున్న పేరు అది.