మూతలు లేని వంట

‘డేక్షాలు 6, మూతలతో సహా.’ క్యాంపు సామాను జాబితాలో ఏడో వరసలో ఉన్న ఈ ముక్క నా చేతిరాతే. బయలుదేరే రోజు పొద్దున్న మా స్కౌటు కుర్రాడొకడు బడి వరండాలో నిలబడి, జాబితా చూసుకుంటూ డేక్షాలు లెక్కపెట్టి టిక్కు కొట్టాడు. ఆరూ ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి ఒదిగి రెండు దొంతరలయ్యాయి. మూతలు అలా ఒదగవు కనుక వాటిని విడిగా గోనెసంచిలో వేసి బల్లకింద పెట్టారు. ఆ సంచి అక్కడే ఉండిపోయింది. ఈ సంగతి మాకు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున, పొయ్యి రాజుకున్నాక తెలిసింది.

మాది విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. నేను భౌతికశాస్త్రం చెప్తాను, పదేళ్ళుగా స్కౌట్ మాస్టర్ని కూడా. డిసెంబరులో మూడు రోజుల క్యాంపుకి అరకు వెళ్ళాం. ఇరవై నలుగురు పిల్లలు, నేను, మా పీఈటీ మేస్టారు. ఎనిమిది మందికి ఒకటి చొప్పున మూడు పెట్రోళ్ళు: నెమలి, పులి, డేగ. వంటమనిషి లేడు. ఏ పెట్రోల్ అన్నం ఆ పెట్రోలే వండుకోవాలి, మా ఇద్దరికీ వంతులవారీగా పెట్టాలి. వండింది ఎలా ఉన్నా మేం తినాలి. స్కౌట్ మాస్టరుకి కావలసిన మొదటి అర్హత ఇదేనని మా పీఈటీ మేస్టారి అభిప్రాయం.

బయలుదేరే ముందు వారం రోజులూ సామాను గురించే గొడవ. ఒకడు ఇంట్లోంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చాడు. ఒకడి వాళ్ళమ్మ పోపుల పెట్టె మొత్తం పంపింది, మూత తియ్యగానే జీలకర్రలో పసుపు, పసుపులో మెంతులు. వద్దన్నాను. మా లెక్క ఒక్కటే: స్టేషన్ నుంచి క్యాంపు దాకా చేత్తో మోయగలిగిందే సామాను. పెట్రోల్‌కి రెండు డేక్షాలు, ఒక బాణలి, రెండు గరిటెలు, చిల్లుల గరిటె, కత్తిపీట బదులు రెండు చాకులు, బకెట్టు, పట్టకారు, నాలుగు మసిగుడ్డలు. మనిషికో కంచం, గ్లాసు. పోపు సామాను చిన్న చిన్న మందుసీసాల్లో పోసి చీటీలు అంటించాం. ఒక పూటకి పెట్రోల్‌కి కిలోంపావు బియ్యం, అరకిలో కందిపప్పు. ఆవకాయ మాత్రం లెక్కలేదు, ఎవరి జాడీ వాళ్ళది.

ప్యాకింగ్ అయ్యాక పిల్లలకి ఒక కథ చెప్పాను. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులో బ్రౌన్సీ అనే చిన్న దీవికి ఇరవై మంది దాకా కుర్రాళ్ళని తీసుకెళ్ళి గుడారాలు వేయించాడు. స్కౌటింగుకి అదే తొలి క్యాంపు. మరుసటేడు ఆయన రాసిన పుస్తకంలో రొట్టెపిండి కలిపే పద్ధతి ఉంది. పళ్ళెం లేకపోతే కోటు విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా నేలమీద పరిచి, దానిమీద పిండి పోసి కలుపుకోమంటాడు. కోటు తిరిగి తొడుక్కున్నాక మరక బయటికి కనపడకూడదని ఆ జాగ్రత్త. పిల్లలు పడీపడీ నవ్వారు. ‘మనకి కోట్లు లేవు గదండీ’ అన్నాడు పులి లీడరు. ‘మనకి పళ్ళాలున్నాయి గదరా’ అన్నాను ధీమాగా. అప్పటికి గోనెసంచి బల్లకిందే ఉంది.

కొత్తవలసలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. బైలడిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960లలో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటగానే బండి కొండెక్కుతుంది. లైను మొత్తం మీద 58 సొరంగాలున్నాయని చెప్పాను. అంతే, లెక్క మొదలు. ఒక్కో సొరంగంలోకి దూరినప్పుడల్లా బోగీ అంతా కేకలు, బయటికి రాగానే ‘ఎన్నిరా?’ అని తగువు. బొర్రా గుహల దగ్గరికి వచ్చేసరికి మూడు పెట్రోళ్ళకీ మూడు లెక్కలు. శిమిలిగుడలో 996 మీటర్లని రాసిన బోర్డు చూపించాను. అక్కణ్ణుంచి కాస్త దిగితే అరకు. ఈ లెక్కపెట్టడాల సందడిలో సామాను ఇంకోసారి లెక్కపెట్టాలన్న ఆలోచన నాతో సహా ఎవరికీ రాలేదు.

క్యాంపు ఊరికి కాస్త దూరంగా, సిల్వర్ ఓక్ చెట్ల పక్కన ఖాళీ స్థలంలో. కాఫీ తోటలకి నీడ కోసం పెంచే చెట్లివి. గుడారాలు లేచాక వంటిల్లు కట్టడం. గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా జానెడు లోతున కందకంలాంటి పొయ్యి తవ్వాం. గాలి ఒక కొసనుంచి దూరి, పొగ రెండో కొసనుంచి పోవాలి. కొంచెం ఎడంగా రెండు గోతులు. పొడి గోతిలో తొక్కలు, కాగితాలు. తడి గోతి మీద పుల్లలు పరిచి, గడ్డి కప్పాం. కడిగిన నీళ్ళు ఆ గడ్డిమీంచే పొయ్యాలి. జిడ్డు గడ్డికి పట్టుకుంటుంది, నీళ్ళు దిగిపోతాయి. రోజూ ఆ గడ్డి తీసి కాల్చేసి కొత్తది వెయ్యాలి.

డేక్షాల అడుగున, చుట్టూ బంకమట్టి పల్చగా మెత్తించాను. కట్టెల పొయ్యిమీద మసి గిన్నెకి కాకుండా మట్టికి పడుతుంది, కడిగేటప్పుడు పెచ్చులా ఊడిపోతుంది. మా నాయనమ్మ చేసే పనే ఇది. డేగ పెట్రోల్ వాళ్ళు దీన్ని ముసలమ్మల పద్ధతని తీసిపారేశారు. మర్నాడు వాళ్ళు ఇసుకతో గంటసేపు తోముతుంటే నెమలి పెట్రోల్ పక్కన నిలబడి ఉచిత సలహాలిచ్చింది.

పొయ్యి రెండు అగ్గిపుల్లలకి మించకుండా వెలిగించాలన్నది పరీక్ష. పులి వాళ్ళది మొదటి పుల్లకే అంటుకుంది. ఎసరు పెట్టారు. అప్పుడు వినిపించింది ఆ గొంతు.

‘మేస్టారూ, మూతలెక్కడున్నాయండీ?’

అందరూ అందర్నీ అడిగారు. సంచులన్నీ బోర్లించారు. జాబితా తీశారు. టిక్కు కొట్టిన కుర్రాడి మొహం చిన్నబోయింది. ‘డేక్షాలు ఆరూ లెక్కపెట్టానండి’ అన్నాడు. వాడి తప్పు లేదు. ‘సహా’ అనేది లెక్కపెట్టే వస్తువు కాదు. రెండు వస్తువుల్ని ఒక వరసలో ఇరికించింది నేను.

మూత లేకపోతే ఏమౌతుంది? ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. మాకు మాత్రం ఆ రాత్రి ఒక్కొక్కటే తెలిసొచ్చింది. మొదట గాలికి లేచిన బూడిద ఎసట్లో పడింది. తరవాత నెమలి వాళ్ళ అన్నం ఉడికింది, గంజి వార్చాలి. మూత అడ్డం పెట్టి, మసిగుడ్డలతో గిన్నెనీ మూతనీ కలిపి పట్టుకుని వంచడం మన ఇళ్ళలో రోజూ చూసే పనే. వీళ్ళు మూతకి బదులు కంచం పెట్టారు. కంచం డేక్షా మూతికన్నా రెండు వేళ్ళు చిన్నది. వంచగానే అది లోపలికి జారింది, గంజితోపాటు సగం అన్నం తడి గోతిలోకి వెళ్ళిపోయింది. గోతి మీద గడ్డి తెల్లగా, పొగలు కక్కుతూ ఉంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ‘అదృష్టం, చేతులు కాల్లేదు’ అన్నారు పీఈటీ మేస్టారు.

పప్పు సంగతి ఇంకా ఘోరం. సముద్రమట్టం దగ్గర వంద డిగ్రీలకి మరిగే నీరు, అరకు ఎత్తున తొంభై ఏడు దగ్గరే మరుగుతుంది. ఎంత మంట పెట్టినా నీరు అంతకన్నా వేడెక్కదు, ఆవిరై పోతుంది. మూత లేని గిన్నెలోంచి మరీ తొందరగా పోతుంది. నీళ్ళు తగ్గాయని డేగ వాళ్ళు బకెట్లోంచి చన్నీళ్ళు పోశారు. ఉడుకు ఆగిపోయింది, పప్పు బిరుసెక్కింది. మళ్ళీ మంట, మళ్ళీ నీళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా బల్లగుద్ది ఈ పాఠం చెప్పే నేను, రాత్రి తొమ్మిదిన్నరకి చలిలో కూర్చుని పలుకు పలుకుగా ఉన్న పప్పు నమిలాను. రెండు రోజులకని కొన్న కట్టెల్లో సగం పైగా ఆ ఒక్క పూటే అయిపోయాయి. ఆవకాయ జాడీలే ఆ రాత్రి మా పరువు నిలబెట్టాయి.

మర్నాడు పొద్దున్న కట్టెల కోసం రోడ్డుమీదికి వెళ్ళాం. మలుపు దగ్గర ఒకావిడ బొంగు చికెన్ అమ్మకానికి సిద్ధం చేసుకుంటోంది. యాభై ఏళ్ళుంటాయి. అడ్డాకుల కట్ట ఒక పక్క, మూరెడేసి పచ్చి వెదురు ముక్కలు ఒక పక్క. మా కథ పిల్లలే చెప్పేశారు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

‘మూత లేకుండా వండుతున్నారేటి బాబూ! ఇంత అడివిలో మూతే దొరకలేదా మీకు?’

పిల్లలు చుట్టూ కూర్చున్నారు. వెదురు ముక్కకి ఒక కొసన కణుపు ఉంచి, రెండో కొస తెరిచి కోస్తారు. కోడి ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, నూరిన అల్లం వెల్లుల్లి పట్టించి లోపల కూరింది. చుక్క నూనె లేదు, నీళ్ళు లేవు. తరవాత ఆకులు మడిచి, ఉండచేసి బొంగు మూతిలో దోపింది. నిప్పులమీద పెట్టి, పైన పచ్చరంగు పోయి నల్లబడేదాకా అటూ ఇటూ తిప్పుతూ కూచుంది. వెదురు పచ్చిది కనుక అంటుకోదు, దానిలోని తడే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది.

‘కర్రముక్క బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా పెద్దమ్మా?’ అన్నాడు డేగ లీడరు.

‘గట్టిగా బిగిస్తే పేలిపోద్ది బాబూ. ఆకైతే ఆవిర్ని కొంచెం పోనిస్తది, కొంచెం ఉంచుకుంటది.’

కుక్కరుకి విజిల్ ఎందుకుంటుందో నేను అరగంట చెప్పే పాఠాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. పాత్ర లేకుండా వండి చూపించడం స్కౌట్లకి ఒక పరీక్ష. మా పిల్లలు బంగాళదుంపకి మట్టి మెత్తి నిప్పుల్లో కాల్చి, పాసయ్యామనుకుంటారు. ఇక్కడ కూర వండే గిన్నెకి అడుగూ గోడలూ వెదురే ఇచ్చింది. మూత మాత్రం మనిషి పెట్టుకోవాలి.

మధ్యాహ్నం ఆవిడే క్యాంపు దాకా వచ్చింది. మా పొయ్యి, గోతులు, గుడారాలు అన్నీ తిరిగి చూసి, పొయ్యి బాగుందంది. బాణలి తీసుకుని అందులో సగానికి నీళ్ళు పోసి, పప్పు డేక్షామీద కూర్చోబెట్టింది. గుండ్రటి అడుగు డేక్షా మూతిలో అచ్చుపోసినట్టు దిగింది. ‘పప్పుకి నీళ్ళు సాలకపోతే ఈ ఏడినీళ్ళే పొయ్యండి, సన్నీళ్ళు పొయ్యకండి’ అంది. కిందనుంచి పోయే ఆవిరి పైనున్న నీళ్ళని కాస్తుంది, ఆ నీళ్ళే మళ్ళీ పప్పులోకి. మా ఇంట్లో అమ్మ కూడా పప్పుగిన్నె మీద నీళ్ళ గిన్నె పెట్టేది. ఆ దృశ్యం నలభై ఏళ్ళుగా నా కళ్ళలో ఉంది, అవసరం పడిన రాత్రి మాత్రం గుర్తురాలేదు.

అన్నానికి గంజి వార్చడం మానేసి అత్తెసరు పెట్టించింది. నీళ్ళు ఇంకి, అన్నం మీద చిల్లులు పడ్డాక, తడిపిన అడ్డాకులు రెండు వరసలు అన్నంమీదే పరిచి, పైన కంచం బోర్లించింది. రాత్రి మా కొంప ముంచిన ఆ చిన్న కంచమే, ఇప్పుడు లోపలికి దిగి ఆకుల్ని అదిమిపట్టింది. కింద మంట లాగేసి, నిప్పులు మాత్రం ఉంచి, పావుగంట ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ‘ఉమ్మగిల్లాల’ అంది. ఆకలిమీదున్న ఎనిమిది మంది కుర్రాళ్ళని ఒక గిన్నె ముందు పావుగంట కదలకుండా కూర్చోబెట్టడం నా వల్ల ఏనాడూ కాలేదు. ఆకులు ఎత్తగానే వచ్చిన వాసన ఇప్పటికీ పిల్లలు చెప్పుకుంటారు. అన్నానికి లేత ఆకుపచ్చ వాసన, ఏ పెళ్ళి భోజనంలోనూ తగల్లేదు.

ఆ రాత్రి వంట పిల్లలే చేశారు, ఎవరూ చెప్పకుండా. ఎనిమిదింటికల్లా తిని, చలిమంట చుట్టూ పాటలు పాడుకున్నాం. కట్టెలు ముందురాత్రి కాల్చినదానిలో సగం కూడా పట్టలేదు. మూడోనాడు గోతులు పూడ్చి, పొయ్యిలో నీళ్ళు పోసి చల్లార్చి, తీసిన మట్టిగడ్డలు తిరిగి నేలకి అతికించి బయలుదేరాం. ఆవిడకి డబ్బు ఇవ్వబోతే, బొంగు చికెన్ డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకుంది. వంట నేర్పినదానికి వద్దంది.

తిరిగొచ్చేసరికి మూతల సంచి వరండాలో బల్లకింద యథాతథంగా ఉంది, దానిమీద బడి పిల్లి ముడుచుకుని పడుకుని. ఆ సాయంత్రం కొత్త జాబితా రాశాం. ‘సహా’లన్నీ కొట్టేశాం. సీసాలు ఒక వరస, వాటి బిరడాలు ఒక వరస. లాంతర్లు ఒకటి, గ్లోబులు ఒకటి. పాత జాబితా ఒకటిన్నర పేజీ, కొత్తది మూడు పేజీలైంది.

మొన్న సంక్రాంతి సెలవుల ముందు మళ్ళీ సామాను సర్దుతున్నాం. అప్పట్లో డేక్షాలు లెక్కపెట్టిన కుర్రాడు ఇప్పుడు నెమలి లీడరు. నేను జాబితా తియ్యబోతుంటే డేక్షాల దొంతర నా ముందు పెట్టాడు. ప్రతి డేక్షా చెవికీ పురికొస, ఆ పురికొస రెండో కొస మూత పిడికి. ముడి చూశాను. క్లోవ్ హిచ్, తప్పు లేకుండా వేశాడు.

‘లెక్కపెట్టండి మేస్టారూ’ అన్నాడు.