తడి చొక్కా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగినప్పుడు, మేము చదువు గురించో క్రమశిక్షణ గురించో రాస్తామని అనుకుని ఉంటారు. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము మాత్రం బట్టల గురించి రాస్తున్నాం. ఇంకా చెప్పాలంటే, వెనక వరండాలో ఇప్పుడు ఉన్న రెండు మిషన్ల గురించి. ఒకటి ఉతికేది, ఒకటి ఆరబెట్టేది. నవ్వకండి తమ్ముళ్ళూ! ఆ రెండూ కొనడానికి మేము పద్దెనిమిది మందిమి నాలుగు నెలలు పోట్లాడుకున్నాం. ఆ పోట్లాటలో మాకు తెలిసొచ్చింది మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలు.

మేము 1997లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరి, 2002లో పదో తరగతి పాసై వెళ్ళినవాళ్ళం. మా రోజుల్లో ఆదివారం అంటే ఉతుకుల రోజు. బోరింగు దగ్గర ఒకే బండ. దాని కోసం తెల్లవారుజామునే లేచి బకెట్టు పెట్టి వచ్చేవాళ్ళం. కాస్మెటిక్ ఛార్జీలు వచ్చిన నెల బారు సబ్బు కొని, దారంతో నాలుగు ముక్కలు కోసి పంచుకునేవాళ్ళం. రాని నెల ఎవడి దగ్గర ముక్క మిగిలి ఉంటే వాడే రాజు. ఉతికినవి ప్రహరీ గోడ మీద, కంప మీద ఆరేసి కాపలా కూర్చునేవాళ్ళం. ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. గంటలో పెళపెళలాడేవి.

వానాకాలం వస్తేనే మా తిప్పలు మొదలు. ముసురు పట్టిందంటే నాలుగు రోజులు చొక్కా ఆరదు. వంటగదిలో కట్టెల పొయ్యి పైన తీగ కట్టి వేలాడదీసేవాళ్ళం. వంట మనిషి తిడుతూనే మా చొక్కాలు తిరగేసేది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, తడి మీదే ఇస్త్రీ రుద్దేవాళ్ళం. అలా సగం ఆరిన చొక్కా తొడుక్కుని బడికి వెళితే, ఒంటి వేడికి రెండో పీరియడు కల్లా మిగతా సగం ఆరేది. పొగ వాసన, చెమ్మ వాసన కలిసి ఒక రకమైన వాసన వచ్చేది. ఊళ్ళో పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు. "హాస్టల్ వాసన" అనేవాళ్ళు. బెంచీ మీద మా పక్కన కూర్చున్నవాడు మెల్లగా అవతలికి జరిగేవాడు. ఏమీ అనేవాడు కాదు, జరిగేవాడు అంతే. ఇరవై ఏళ్ళు దాటినా ఆ జరగడం మాలో ఎవరమూ మరిచిపోలేదు.

ఆ తడి బట్టలతోనే చర్మ రోగాలూ తగులుకునేవి. తడి నిక్కర్లు వేసుకుని తామర, ఒకే దుప్పట్లో ముగ్గురం పడుకుని గజ్జి. ఎనిమిదో తరగతిలో ఉండగా మాలో ఒకడికి గజ్జి ముదిరి వేళ్ళ సందులన్నీ పుళ్ళు పడ్డాయి. మిగతా పిల్లలకు అంటుకుంటుందని, "ఇంటికి వెళ్ళి తగ్గాక రా" అని పంపించేశారు. ట్రంకు పెట్టె ఇక్కడే ఉంచి వెళ్ళాడు. నెల తర్వాత వాళ్ళ నాన్న వచ్చి ఆ పెట్టె పట్టుకుపోయాడు. మా తరగతిలో తెలుగు పద్యం అందరికంటే ముందు అప్పజెప్పేవాడు అతనే.

అసలు విషయానికి వస్తాం. 2024 ఆగస్టులో మేము కొందరం హాస్టల్ చూడటానికి వచ్చాం. ఆ రోజు వాన. కిటికీ ఊచలన్నిటికీ తడి చొక్కాలు, మంచాల కమ్మీలకు తడి తువ్వాళ్ళు. మంచాలు కొత్తవి, ఫ్యాన్లు కొత్తవి, వాసన మాత్రం పాతదే. తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాండులో టీ తాగుతూ అనుకున్నాం, ఈసారి గడియారమో బీరువానో ఇవ్వడం కాదు, బట్టలు ఆరబెట్టే ఏర్పాటు చేద్దామని. ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టాం. చందాలకు ఎవరూ వెనకాడలేదు. ఏ మిషను కొనాలన్న దగ్గరే వచ్చింది చిక్కు.

డల్లాసులో ఉద్యోగం చేస్తున్న మావాడు, కింద వాషరు, దాని నెత్తిన డ్రయరు ఉన్న జోడీ కొనమన్నాడు. వాళ్ళ అపార్టుమెంటులో బీరువా అంత చోటులో ఆ రెండూ నిలువుగా ఉంటాయట. కింద ఉతుకు అయిపోగానే పైదాంట్లో వేసి, కిందదాంట్లో ఇంకో వాయి వేసుకోవచ్చు. బెంగుళూరులో ఉన్నవాడు ససేమిరా అన్నాడు. వాళ్ళింట్లో ఉన్నది కాంబో, అంటే ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే ఒకే మిషను. రాత్రి పడుకునేముందు బట్టలు వేసి మీట నొక్కితే తెల్లారేసరికి పొడి బట్టలు చేతికొస్తాయి. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు. "పిల్లలకి పని తగ్గుతుంది కదరా" అన్నాడు. ఆ మాటా నిజమే.

గ్రూపు రెండు పార్టీలైంది. రోజుకో ఫోటో, రోజుకో వీడియో. చివరికి మాలో టీచరుగా పనిచేస్తున్నవాడు కాగితం, కలం తీసుకుని లెక్క వేశాడు. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాం, ఎందుకంటే రేపు మీరూ ఇల్లు పెట్టుకుని ఇలాంటివి కొనేటప్పుడు పనికొస్తుంది.

కాంబో మిషను మీద రెండు అంకెలు ఉంటాయి. ఉతకడానికి ఎనిమిది కిలోలు, ఆరబెట్టడానికి అయిదు కిలోలు, ఇలా. చాలామంది మొదటి అంకె చూసి కొనేస్తారు. తడి బట్ట ఆరాలంటే అది విచ్చుకుని దొర్లడానికి డ్రమ్ములో ఖాళీ కావాలి. అందుకే ఉతికినంతా ఆరబెట్టలేదు. ఎనిమిది కిలోలు వేస్తే ఉతుకు అయ్యాక కొన్ని తీసి బయట పెట్టాల్సిందే. పైగా ఉతకడం, ఆరబెట్టడం కలిపి అయిదు గంటల దాకా పడుతుంది. అది ఆరబెడుతున్నంత సేపూ ఉతుకు బందు. ఒక పిల్లవాడి జత, లోపలివీ కలిపి, ఆరు వందల యాభై గ్రాములు అనుకుందాం. బడి వదిలి వచ్చాక సాయంత్రం నాలుగు గంటలకు మొదలుపెడితే రాత్రి తొమ్మిదింటికి ఒక్క వాయి. అంటే ఏడుగురికి పొడి జతలు.

అదే రెండు విడి మిషన్లు అయితే? ఏడు కిలోల డ్రయరులో పది మంది జతలు పడతాయి. ఉతుకు గంట, ఆరడం గంటన్నర. మొదటి వాయి ఆరున్నరకు, రెండోది ఎనిమిదికి, మూడోది తొమ్మిదిన్నరకు. ఒకటి ఆరుతుండగానే ఇంకొకటి ఉతుకు అయిపోయి సిద్ధంగా ఉంటుంది కనుక ముప్పై మందికి సరిపోతుంది. ఏడుగురెక్కడ, ముప్పై మందెక్కడ! ఇంకో సంగతి. కాంబో చెడిపోతే ఉతుకూ పోయె, ఆరుడూ పోయె. విడివిడిగా ఉంటే ఒకటి మూలపడ్డా రెండోది నడుస్తుంది. పట్నం నుంచి మెకానిక్కు రావడానికి పది రోజులు పట్టే మన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు.

లెక్కతో బెంగుళూరు వాడు ఒప్పుకున్నాడు. డల్లాసు వాడు గెలిచాననుకున్నాడు. అప్పుడు మూడో మనిషి మాట్లాడాడు.

ఆయన ఎవరో కాదు, ట్రంకు పెట్టె వదిలి వెళ్ళిన మా నేస్తం. ఇప్పుడు తాపీ మేస్త్రీ. వెతికి పట్టుకుని గ్రూపులో చేర్చింది మేమే. అప్పటిదాకా ఒక్క ముక్కా రాయలేదు. మిషన్లు పెట్టడానికి దిమ్మ కట్టాలి కదా, కొలతలు తీసుకు రమ్మంటే హాస్టల్‌కు వెళ్ళి, అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "ఒరే, ఒకదాని మీద ఒకటి ఎందుకురా? ఇక్కడ వరండా ఇరవై అడుగులుంది. పైదాని మీటలు నా భుజం దగ్గరికొస్తున్నాయి. మూడో తరగతి పిల్లాడు స్టూలెక్కి తడి బట్టలు ఎత్తి వేస్తాడా? పడితే?"

మేమెవరం మాట్లాడలేదు. ఎవరి వాదన వాళ్ళం వాళ్ళ ఇంటి గురించి చేశాం. చోటు లేని ఇంటికి నిలువు జోడీ మంచిది. చోటూ తీరికా రెండూ లేని చిన్న కాపురానికి కాంబో మంచిది. తొంభై ఆరు మంది పిల్లలు, విశాలమైన వరండా ఉన్న హాస్టల్‌కు ఏది మంచిదో చెప్పడానికి, వరండాలో నిలబడి చూసినవాడు కావలసి వచ్చింది. చివరికి రెండు విడి మిషన్లే కొన్నాం, పక్కపక్కన పెట్టించాం. దిమ్మ కట్టినందుకు మేస్త్రీ కూలి తీసుకోలేదు. "నా చందా అనుకోండి" అన్నాడు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. వేడి నీళ్ళతో ఉతికేటప్పుడు వాషరుకు, తిరుగుతున్నంత సేపూ డ్రయరుకు, ఒక్కోదానికి రెండు వేల వాట్ల ప్రాంతంలో లాగుతుంది. రెండూ ఒకే సాకెట్టుకు తగిలిస్తే వైరు కాలిపోతుంది. అందుకే బోర్డు నుంచి విడివిడిగా రెండు లైన్లు, రెండు పదహారు యాంపియర్ల సాకెట్లు, ఎర్తింగు వేయించాం. మోటారు ఆడుతున్నప్పుడు డ్రయరు వేయకండి. ప్రతి వాయికీ డ్రయరు జాలీలో పేరుకున్న నూగు తీసేయాలి. మరిస్తే బట్టలు ఆలస్యంగా ఆరతాయి, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. వేడిగాలి పోయే గొట్టం కిటికీ బయటికే ఉండాలి. మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, వాషరు లోపల చౌడు పట్టకుండా అప్పుడప్పుడు దానికని అమ్మే పొడి వేసి ఖాళీగా తిప్పండి. ఎండ ఉన్న రోజు డ్రయరు జోలికి పోకండి. సూర్యుడికి కరెంటు బిల్లు లేదు.

తొంభై ఆరు మందికి రోజూ సరిపోదని మాకు తెలుసు. అందుకే వార్డెన్ గారూ, పిల్లల కమిటీ కలిసి వరస పెట్టారు. ముసురు రోజుల్లో ముందు చిన్న తరగతుల వాళ్ళకి. ఎవరికైనా గజ్జి వస్తే వరసతో పని లేదు, వాడివే ముందు. డాక్టరు ఇచ్చిన మందు రాసుకోవాలి. దానితో పాటు, అంతకు ముందు మూడు రోజులు వాడిన దుప్పటి, తువ్వాలు, బట్టలు అన్నీ వేడి నీళ్ళతో ఉతికి, డ్రయరులో ఎక్కువ వేడి మీద ఆరబెట్టాలి. యాభై డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలుంటే గజ్జి పురుగు, దాని గుడ్లు చస్తాయి. పక్కన పడుకున్నవాళ్ళకూ దురద లేకపోయినా మందు వేయించాలి. ఇంతే పని. ఇంతమాత్రానికి ఒకరిని ఇంటికి పంపనక్కర్లేదు.

మిషన్లు మొదలుపెట్టిన రోజు రిబ్బను మేస్త్రీ చేత కత్తిరించాం. ఆయన వద్దని చాలా మొహమాటపడ్డాడు. మొదటి వాయి తీశాక ఒక చిన్నవాడు తన చొక్కా ముఖానికి ఆనించుకుని, "వెచ్చగా ఉందన్నా" అన్నాడు. మేస్త్రీ ఆ చొక్కా తీసుకుని, వాసన చూసి, మడత పెట్టి వాడి చేతికిచ్చాడు. ఏమీ మాట్లాడలేదు.

తమ్ముళ్ళూ, బాగా చదువుకోండి. మిషన్లు జాగ్రత్తగా వాడుకోండి. రేపు మీరూ ఇక్కడికి ఏదైనా ఇవ్వాలనుకుంటే, ముందు వచ్చి ఒక వాన రోజు వరండాలో నిలబడి చూడండి. ఏం కావాలో అక్కడే తెలుస్తుంది.

ఇట్లు,
మీ అన్నలు,
2002 పదవ తరగతి బ్యాచ్